కోతకు తగ్గ మంచం

ఆ ఆదివారం ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: ముందుగదిలో వాలుకుర్చీలో భర్త, కిటికీ పక్క మంచం మీద కాళ్ళు చాపుకుని అత్తగారు, పొద్దున్న బస్సుకి దిగిన మరిది, పిల్లాణ్ణి తన తల్లి దగ్గర వదిలి మరిదితోపాటే వచ్చిన తోడికోడలు, మూల స్టూలు మీద పుస్తకం తెరుచుకుని పదో తరగతి చదివే కూతురు. వంటింట్లో సింకు ముందు పెద్దకోడలు. ముందుగదిలోవాళ్ళు వంటింట్లో ఉన్న మనిషి ఒంటి గురించి మాట్లాడుకుంటున్నారు. కూతురు మాత్రం మాట్లాడటం లేదు. చాలాసేపటి నుంచి ఒకే పేజీ చదువుతోంది.

పెద్దకోడలికి కుడి గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు ఉంది. నిలబడితే బయటికి వస్తుంది, దగ్గితే ఇంకా వస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. పడుకుంటే పోయే జబ్బు వెతుక్కుని వెతుక్కుని తన ఒంటికే రావడమేమిటా అని ఆమె చాలాసార్లు లోలోపల నవ్వుకుంది. అసలు పడుకునేదెప్పుడు? మొదట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే చోటా అది? బరువెత్తేటప్పుడు అరచేత్తో అక్కడ అదిమి పట్టుకుని, ఇంకో చేత్తో ఎత్తడం నేర్చుకుంది. ఆమె పనిచేసేది ఒక హోటల్లో దుప్పట్లు ఉతికే గదిలో. పొడిగా ఉన్నప్పుడు దుప్పటి దుప్పటే. తడిసి, మెలికలు పడి, మెషీన్ అడుగున ముద్దగా కూర్చున్నప్పుడు లాగి చూస్తే తెలుస్తుంది, అలిగి లేవనని మొండికేసిన మనిషిని లేపినట్టే ఉంటుంది. చివరికి ఒకరోజు అలా లాగుతూ అక్కడే కూలబడితే, తోటి పనివాళ్ళు ఇంటికి కబురు పెట్టారు. హెర్నియా అన్నారు, ఆపరేషన్ తప్పదన్నారు. హోటలు వాళ్ళ బీమా ఉంది కాబట్టి ఖర్చు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తిందల్లా ఏ ఆపరేషన్ అనే మాట.

మరిదిది మందుల కంపెనీ తరఫున ఆసుపత్రుల చుట్టూ తిరిగే ఉద్యోగం. డాక్టర్ల గదుల బయట కూర్చుని కూర్చుని సగం వైద్యం వంటబట్టిందని ఇంట్లో అతన్ని సగం డాక్టరంటారు. ఆ సగం డాక్టరు ఇప్పుడు తువ్వాలు మడతపెట్టి పొట్టలాగా ఒళ్ళో పెట్టుకుని అందరికీ విడమరిచి చెబుతున్నాడు. రెండు దారులున్నాయట. ఒకటి పాత పద్ధతి. నడుము కింద మొద్దుబారేలా మత్తిచ్చి, గజ్జ దగ్గర ముందు నుంచి కోసి, జారిన పేగుని లోపలికి నెట్టి, బలహీనంగా ఉన్న గోడకి వల లాంటిది అతికించి కుట్టేస్తారు. రెండోది కీహోల్. ఒళ్ళంతా మత్తిస్తారు. బొడ్డు దగ్గర మూడు చిన్న రంధ్రాలు పెట్టి, ఒక దాంట్లోంచి కెమెరా దించి, టీవీలో చూసుకుంటూ అదే వలని లోపలి వైపు నుంచి పరుస్తారు. నొప్పి తక్కువ, మచ్చ దాదాపు ఉండదు, తొందరగా తిరగొచ్చు. ఇలా చెప్పుకుంటూ పోయి అతను తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు.

"కీహోల్ చేయించామనుకో అన్నయ్యా, వదిన మూడో రోజుకల్లా వంటింట్లో ఉంటుంది. నాదీ పూచీ."

అందరి ముఖాలూ తేటపడ్డాయి. సింకు దగ్గర పెద్దకోడలి చేతిలో పళ్ళెం మాత్రం కాసేపు నీళ్ళ కింద అలాగే ఉండిపోయింది. తన ఒంటికి వాళ్ళు పూచీ పడటం లేదు, వంటింటికి పడుతున్నారు. అయినా ఆమెకి కోపం రాలేదు. కోపం కంటే ముందు లెక్క వచ్చింది. ఆ ఇంటి లెక్క.

ఆ ఇంట్లో ఒక చట్టం ఉంది. ఎవరూ రాయలేదు, ఎవరూ తప్పలేదు. కోస్తేనే మంచం. కోత ఎంత పొడుగైతే మంచం అన్ని రోజులు. ఈ చట్టం అత్తగారి నుంచి వచ్చింది. వయసులో ఉన్నప్పుడు ఆవిడకి గర్భసంచి తీసేశారు. పొట్ట మీద ఈ చివర నుంచి ఆ చివరికి గీత. ఆ గీత చూసి మామగారే హడలిపోయి, కొన్నాళ్ళు ఆవిణ్ణి గ్లాసు కూడా ఎత్తనివ్వలేదట. పెళ్ళయ్యాక పగటిపూట తను నడుం వాల్చింది అప్పుడేనని, మధ్యాహ్నం ఎండ గోడ మీద ఎలా పాకుతుందో అప్పుడే చూశానని అత్తగారు ఒకసారి చెప్పింది. చెబుతూ నవ్వింది. ఆ నవ్వు పెద్దకోడలికి ఇప్పటికీ గుర్తే. పాపం, ఆవిడ కూడా తన విశ్రాంతిని పొట్ట కోయించుకునే తెచ్చుకుంది. కానీ తెచ్చుకున్నాక అదే ధరని చట్టంగా మార్చి వెనక వచ్చినవాళ్ళ నెత్తిన పెట్టింది.

తోడికోడలికి పిల్లాడు పుట్టినప్పుడు పొట్ట కోసి తీశారు. ఆమెకి మంచం దక్కింది. పక్క మీదకే పళ్ళెం వచ్చింది. అంతకు చాలా ఏళ్ళ ముందు పెద్దకోడలు కూతుర్ని కన్నప్పుడు కత్తి పడలేదు. రాత్రంతా నొప్పులు తిని, తెల్లారి కని, ఇంటికొచ్చిన నాలుగో రోజున అత్తగారు గుమ్మంలో నిలబడి అన్నమాట ఆమె చెవిలో ఇంకా అలాగే ఉంది: "కోయలేదుగా, లేవమ్మా, కొంచెం తిరిగితే నీకే మంచిది." ఆ కొంచెం తిరగడం ఇప్పటిదాకా ఆగలేదు.

ఇక భర్త సంగతి. ఆయనకీ ఇదే జబ్బు, ఇదే కుడి గజ్జ. పాత పద్ధతిలో కోశారు. ఇంటికి వచ్చినరోజు అత్తగారు కట్టు పక్కకి తీసి చూసి, అమ్మో ఇంత కోతా అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతే, తీర్పు అయిపోయింది. ఆయన వాలుకుర్చీ అప్పుడే కొన్నారు. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పినందుకు ఆయన దిండు కూడా ఎత్తుకోలేదు, ఒంగొద్దన్నారని బూట్ల తాళ్ళు ఆమే కట్టింది. ఆయన ఎత్తకూడని బరువులు గాల్లో తేలవుగా. గ్యాస్ బండ, నీళ్ళ డబ్బాలు, బియ్యం బస్తా, అత్తగారిని స్నానాల గది దాకా లేవదీయడం, అన్నీ ఒక్కొక్కటే ఆమె మీదకి జరిగాయి. ఆయన గజ్జ అతుక్కుంటున్న రోజుల్లోనే ఆమె గజ్జ జారింది. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. అంటే దాన్ని నిష్ఠూరం అంటారు.

కాబట్టి ఇప్పుడు ఆ లెక్క ప్రకారం మూడు చిల్లులకి ఈ ఇంట్లో ఏమిస్తారు? దోమ కుడితే ఇచ్చేంత. అదే ముందు నుంచి కోస్తే? కట్టు ఉంటుంది. కుట్లు ఉంటాయి. చూసేవాళ్ళకి కనిపిస్తుంది. తనూ గోడ మీద ఎండ ఎలా పాకుతుందో చూడొచ్చు. పని అంతా వదిలేసి, ఎవరి పిలుపుకీ లేవకుండా, కొన్ని వారాలు. ఆ ఊహకే ఆమెకి సిగ్గేసింది. ఆకలేసినవాడు అన్నం కోసం చెయ్యి కోసుకున్నట్టుంది. అయినా కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి ఆమె మెల్లగా అంది:

"నాకు కోతే చేయించండి."

అందరూ ఒక్కసారే అందుకున్నారు. మచ్చ పడుతుందక్కా అని తోడికోడలు. కాలం మారింది వదినా అని మరిది. కోరి కోయించుకునే మనిషిని నిన్నే చూస్తున్నానని అత్తగారు. భర్త మాత్రం కుర్చీలో ముందుకు జరిగి, ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. తనది ఆ కోతే కదా, ఆ బాధ తనకి తెలియదా, ముసురు పట్టిందంటే ఇప్పటికీ అక్కడ లాగుతుంది, ఒక్కోసారి మొద్దుబారి పరాయి చర్మంలా ఉంటుంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ లాగుడు గురించి ఆమెకి బాగా తెలుసు. ముసురు పట్టినప్పుడల్లా వేడినీళ్ళ సంచి పెట్టేది ఆమే. ఆ లాగుడుకి ఇంట్లో ఒక మర్యాద ఉంది, దాని పేరు చెబితే బజారు పని తప్పుతుంది.

ఒళ్ళంతా మత్తంటే భయంగా ఉందని ఆమె అంది. తోచిన అబద్ధం అదొక్కటే. భయపడేందుకేముందే, నిద్రపోవడమేగా అన్నాడు ఆయన. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, అలవాటుగా అరచెయ్యి గజ్జ మీద పెట్టుకుంది. నిద్రపోవడమే. అది మాత్రం నిజం.

మర్నాడు హోటల్లో సెలవు అడిగితే సూపర్‌వైజరమ్మ తల ఎత్తకుండానే ఏ ఆపరేషన్ అని అడిగింది. ఇంకా తెలియదంది పెద్దకోడలు. కీహోల్ అయితే వారం రాస్తా, కోత అయితే నెల దాటి రాస్తా, తెలుసుకుని రా అందావిడ. ఇంట్లో చట్టమే ఇక్కడా ఉందన్నమాట. దుప్పట్ల బండి తోసుకుంటూ వెళుతుంటే ఆమెకి పంతం ఇంకా గట్టిపడింది. ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి, గజ్జ మీద వేలితో ఒక గీత గీసి చూసుకుంది. ఇంత చాలా? ఇంకొంచెం పైకా?

సర్జను ఒక ఆవిడ. మాటలో తొందర లేదు. ముందు భర్తనీ మరిదినీ బయట కూర్చోమంది. మరిది తన ఉద్యోగం సంగతి చెప్పుకోబోతే, సంతోషం, బయట కుర్చీలున్నాయి అంది. పెద్దకోడల్ని బల్ల మీద పడుకోబెట్టి, దగ్గమని, మళ్ళీ దగ్గమని, రెండు వైపులా వేళ్ళతో నొక్కి చూసింది. ఎప్పటి నుంచి ఉందని అడిగింది. మా ఆయనకి ఆపరేషన్ అయినప్పటి నుంచి అని పెద్దకోడలి నోట్లోంచి వచ్చేసింది. సర్జను ఒక్క క్షణం ఆమెని చూసి, చేతి తొడుగులు తీసి పక్కన పెట్టింది.

ఆవిడ చెప్పింది ఇది. ఎడమ పక్క కూడా కొంచెం మెత్తగా తగులుతోంది. పైగా ఆడవాళ్ళకి ఈ జబ్బు వచ్చినప్పుడు ఇంకో అనుమానం ఉంటుంది. గజ్జ మడత కింద, తొడ మొదట్లో ఇంకో సన్నని సందు ఉంటుంది. పేగు అక్కడ ఇరుక్కుంటే ప్రమాదం. ముందు నుంచి కోసినప్పుడు ఒక్కోసారి అది కంటికి ఆనదు. కెమెరాతో లోపలి వైపు నుంచి చూస్తే రెండు పక్కలా అన్ని సందులూ కనిపిస్తాయి, ఒకే వలతో పైదీ కిందదీ మూసేయొచ్చు. గుండె బాగుంది కాబట్టి మత్తుకి భయం లేదు. అందుకని నీకు కీహోలే మంచిది. కోయాలంటే కోస్తాను, అది తప్పేం కాదు, కొందరికి అదే మేలు కూడా. కాకపోతే రెండు పక్కలా కోయాల్సి వస్తుంది.

పెద్దకోడలు ఆ చివరి మాట దగ్గర ఆగిపోయింది. రెండు పక్కలా.

"రెండు కోతలు పడితే ఎన్నాళ్ళు పడుకోవాలమ్మా?"

అడిగాక తెలిసింది, తన గొంతులో ఆశ ఉందని. సర్జను కలం బల్ల మీద పెట్టేసింది. నవ్వలేదు, జాలిపడలేదు. ఇంట్లో ఎవరెవరుంటారని అడిగింది. పెద్దకోడలు చెప్పింది. అడిగినదానికంటే ఎక్కువే చెప్పింది. కాలువకి గండి పడినట్టు మంచం సంగతి, గీత సంగతి, సూపర్‌వైజరమ్మ సంగతి అన్నీ చెప్పింది. సర్జను అంతా విని, నెమ్మదిగా అంది:

"చూడమ్మా, నీకు కావలసింది విశ్రాంతి. దాని కోసం నేను నిన్ను ఎక్కువ కోయలేను."

లోపల వల అతుక్కోవడానికి పైన తోలు ఎంత తెగిందన్నదానితో పని లేదని, నడవమని, తేలిక పనులు నొప్పి చెప్పిన మేరకు చేసుకోమని, బరువులు మాత్రం తాను చెప్పేదాకా ఎత్తొద్దని ఆవిడ చెప్పింది. హోటలుకి కావలసిన సెలవు చీటీ కూడా ఆ బరువులని బట్టే రాసింది. తర్వాత భర్తని లోపలికి పిలిచి అవే మాటలు ఆయనకీ చెప్పింది. ఆయన చేతులు కట్టుకుని, అలాగే మేడమ్, తప్పకుండా మేడమ్ అన్నాడు. ఆసుపత్రి మెట్లు దిగి రోడ్డు మీదకి రాగానే అన్నాడు, డాక్టర్లు అందరికీ అలాగే చెబుతారే, చెప్పకపోతే రేపు వాళ్ళ మీదకొస్తుందని. మరిది అవునన్నాడు.

ఆమె ఇక కోత మాట ఎత్తలేదు, కీహోల్‌లోనే ఆపరేషన్ జరిగింది. సర్జను అనుమానం నిజమే, కింద సందులో కూడా పేగు తొంగి చూస్తోందట. కోత కోరుకుని ఉంటే అదెవరికి కనిపించేదో, ఏమయ్యేదో. ఆసుపత్రి పక్క మీద ఆమె రాత్రంతా అదే ఆలోచించింది. ఒక ఇంటి చట్టాన్ని నమ్మి తన పేగుని తనే పణం పెట్టబోయింది. వాళ్ళు తన మంచి కోరకుండానే మంచి మాట చెప్పారు. తను తన మంచి కోరుకుని చెడు అడిగింది. ఇందులో ఎవర్ని తిట్టుకోవాలో తెలియలేదు. పొట్ట మీద మూడు చిన్న పట్టీలున్నాయి. వేలు పెట్టి తడిమితే మూడూ గుప్పిట్లో పట్టేట్టున్నాయి. కింద మాత్రం ఎవరో లోపల నుంచి ముళ్ళకంప లాగుతున్నట్టుంది. నొప్పి తక్కువన్నారు. తక్కువే కావచ్చు. పడేవాళ్ళకి అది నొప్పే.

ఇంటికి వచ్చేసరికి మరిదీ తోడికోడలూ వెళ్ళిపోయారు. స్నానాల గది తలుపు బార్లా తీసి ఉంది. లోపల పెద్ద టబ్బులో పొంగి పొర్లేట్టు బట్టలు నానుతున్నాయి. ఆమె చూపు అటు పోవడం అత్తగారు గమనించి, ఉతకమని నేనేమీ అనలేదు, నానబెట్టానంతే అంది. ఒకేసారి వద్దులే, మెల్లగా చెయ్యి అన్నాడు భర్త. ఆయన గొంతులో దయ ఉంది. పడగ్గదిలో మంచం అంచు మీద ఆమె జాగ్రత్తగా కూర్చునేసరికి అత్తగారు గోడ పట్టుకుని వెనకాలే వచ్చింది. భర్త గుమ్మంలో నిలబడ్డాడు. ఏదీ చూపించు అంది అత్తగారు. గొంతులో కుతూహలమూ ఉంది, తీర్పూ ఉంది.

పెద్దకోడలి చెయ్యి పొట్ట మీద బట్ట పట్టుకుంది. చూపిస్తే ఏమవుతుందో తెలుసు. ఇంతేనా అంటారు. ఆ ఇంతేనా తర్వాత తను ఎంత చెప్పినా మాట నిలవదు. ఒకవేళ పెద్ద కోతే పడి ఉంటే? అమ్మో అంటారు, మంచం ఇస్తారు. ఆ తర్వాత? ఇంత కాలం లెక్కలో తను చూసుకోనిదేదో అప్పుడు కనిపించింది. గుమ్మం అవతల కూతురు. స్టూలు మీద నుంచి లేచి, ఎవరూ చెప్పకుండానే, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ స్నానాల గదివైపు నడుస్తోంది. మడత మీద మడత, తీరుగా, తను మడిచినట్టే. ఆయన పడుకున్నప్పుడు బరువులు తన మీదకి జరిగాయి. తను పడుకుంటే అవి మగవాడి మీదకి వెనక్కి పోవు. ఇంకా చిన్న గజ్జల మీదకి జారతాయి. ఎంత పెద్ద కోతకైనా ఆ ఇంట్లో దక్కే మంచం అలాంటిదే. దాని కింద ఎప్పుడూ ఇంకొకర్తె ఉంటుంది.

"చూపించనత్తయ్యా," అంది ఆమె.

చూపించకపోతే ఎలా తెలుస్తుందని అత్తగారు నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆవిడకి వేరే దారి తెలియదు మరి.

"నొప్పిగా ఉందని చెబుతున్నాను. తెలియడానికి అది చాలు."

అని, అత్తగారి భుజం మీద నుంచి అవతలికి చూస్తూ, గొంతు కొంచెం పెంచి కూతుర్ని పిలిచింది. "తల్లీ, ఆ టబ్బు ముట్టుకోకు. పుస్తకాలు తెచ్చుకుని ఇలా రా, ఇక్కడ చదువుకుందువుగాని."

కూతురు తండ్రి ముఖం చూసింది, నానమ్మ ముఖం చూసింది. ఆ ఇద్దరి మధ్య నుంచి దూరి వచ్చి, పుస్తకాలు గుండెలకి అదుముకుని తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. మడిచిన చేతులు విప్పుకోవడం మాత్రం మరిచిపోయింది.

మరి ఆ బట్టలు ఎవరు ఉతుకుతారని భర్త అడిగాడు. అడిగిన తీరులో కోపం కంటే అయోమయమే ఎక్కువ. సూర్యుడు రేపు ఏ పక్క పొడుస్తాడని అడిగినట్టుంది.

"అందులో నావి ఒక్కటి కూడా లేవండి," అంది ఆమె. "నేను ఆసుపత్రిలో ఉన్నాను."

ఆయన తల్లివైపు చూశాడు. అత్తగారి చెయ్యి తెలియకుండానే తన పొట్ట మీదకి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. కాసేపటికి, మోకాళ్ళు పట్టేశాయని గొణుక్కుంటూ, గోడ పట్టుకుని బయటికి నడిచింది. పెద్దకోడలు ఒక మోచేతి మీద ఆని, నెమ్మదిగా పక్కకి ఒరిగి, వెల్లకిలా పడుకుంది. ముళ్ళకంప ఒకసారి గట్టిగా లాగి ఊరుకుంది. పట్టపగలు, భర్త నిలబడి చూస్తుండగా, వంట కాకుండా, బట్టలు ఉతక్కుండా ఆమె ఆ మంచం మీద కాళ్ళు చాపడం పెళ్ళయ్యాక అదే మొదలు. ఆయన ఇంకా కదలకపోయేసరికి, కళ్ళు మూసుకునే అంది, అన్నం కుక్కరు కింది అరలో ఉంటుందని.

ఆయన ముఖం ఎర్రబడింది. అయితే తల్లీకూతుళ్ళిద్దరూ హాయిగా లోపలే ఉండండి, నేను పిలిచేదాకా బయటికి రావద్దు అని, తలుపు రెక్క పట్టుకుని గోడ అదిరేట్టు లాగి మూసేశాడు. ఆమె కళ్ళు తెరిచి చూస్తే, ఎదురు గోడ మీద మధ్యాహ్నం ఎండ మెల్లగా పాకుతోంది.